హ్యాండిల్‌కు వేలాడిన హెల్మెట్

ఈతకొండ మీద జంతువులు నడక మానేసి సైకిళ్లెక్కి చాలా కాలమైంది. కొండ దిగడానికి దారి ఒకటే. మెలికలు తిరుగుతూ, ఒక పక్క బండలు, ఇంకో పక్క లోయ పెట్టుకుని కిందిదాకా పోతుంది. పొద్దున్నే తేనె, ఉసిరికాయలు, చింతపండు మూటలు వెనక కట్టుకుని అందరూ ఆ దారినే దిగుతారు. పొద్దు వాలేలోగా ఉప్పు, గడ్డి, కింది ఊళ్ల కబుర్లు మోసుకుని మళ్లీ పైకి తొక్కుతారు.

దిగేవాళ్లందరిలోకీ పొట్టేలు గట్టయ్యది వేగం. బరువైన ఒళ్లు, దానికి తోడు మొండి ధైర్యం. బ్రేకు పట్టడమంటే అతనికి నామోషీ. వయసులో ఉన్నప్పుడు పందేల్లో ఢీకొట్టి అవతలి కొండ పొట్టేళ్లని వరసగా ఇంటికి పంపినవాడు. ఒంట్లో అన్నిటికంటే తలంటేనే అతనికి గర్వం. ఎవరైనా దాని మీద చెయ్యి వేసి "ఏం తలయ్యా!" అంటే ఆ పూట మేత లేకపోయినా కడుపు నిండిపోయేది.

అలాంటివాడు హెల్మెట్ పెట్టుకున్నాడంటే అది పెళ్లాం లచ్చమ్మ పట్టుదల. కిందటి వానల్లో కల్వర్టు మలుపు దగ్గర ఒక కొండముచ్చు సైకిలు జారి పడ్డాడు. ఒంటి మీద గీత కూడా లేదు. తల మాత్రం రాయికి తగిలింది, ఇక లేవలేదు. లచ్చమ్మ అప్పుడు అక్కడే పచ్చిగడ్డి కోసుకుంటోంది. తలని ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోసింది ఆమే. మర్నాడు నేరుగా గిజిగాడి దగ్గరికి పోయింది. పిచ్చుకంత గిజిగాడు గూళ్లు అల్లడం తగ్గించి అప్పటికే హెల్మెట్లు అల్లుతున్నాడు.

"కొమ్ములున్నవాళ్లకి ఎప్పుడూ అల్లలేదమ్మా" అన్నాడు గిజిగాడు.

"కొమ్ములకి రెండు కంతలు వదిలి అల్లు. ఆయన తల నాకు కావాలి."

గిజిగాడు ఈతనారతో గట్టిగా అల్లాడు, లోపల బూరుగుదూది కూరాడు, పైన లక్క పూశాడు, గడ్డం కిందికి తోలు పట్టీ పెట్టాడు. అది నెత్తిన పెట్టుకుని గట్టయ్య నీళ్లలో నీడ చూసుకున్నాడు.

"ఇదేందే, బోర్లించిన బుట్టలా ఉన్నాను. కుందేళ్లు కూడా నవ్వుతాయి."

"నవ్వనీ. ఆ కొండముచ్చు పెళ్లాం ఎలా ఏడ్చిందో నేను చూశాను. కుందేళ్ల నవ్వు నేను పడతాను" అంది లచ్చమ్మ.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పట్టీ ఆమే బిగించేది. గట్టయ్య గొణిగేవాడే గానీ తల వంచేవాడు.

కొండకి పెద్దదిక్కు ఒక ఎలుగుబంటి. అందరూ పెద్దయ్య అనేవారు. కొండముచ్చు పోయాక ఆయన అందరినీ పిలిచి హెల్మెట్ లేకుండా ఆ దారి దిగొద్దని చెప్పాడు. బలవంతం చేసే రకం కాదాయన, చెప్పి ఊరుకున్నాడు. ఆ మాట మీద కొందరు పెట్టుకున్నారు. మిగతావాళ్లు నక్క జంబయ్య మాట విన్నారు.

జంబయ్య పొద్దస్తమానం టీ కొట్టు బల్ల మీదే ఉండేవాడు. ఆ మధ్యనే పెద్ద ఎర్ర తలపాగా ఒకటి చుట్టడం మొదలుపెట్టాడు. వచ్చేపోయేవాళ్లని ఆపి మరీ మాట్లాడేవాడు.

"తొక్కడం రానివాడికి హెల్మెట్. వచ్చినవాడికి దేనికి? మా తాత పెట్టుకున్నాడా?"

"మీ తాత సైకిలు తొక్కాడా?" అంది ఒకసారి బాతు.

"తొక్కి ఉంటే పెట్టుకునేవాడు కాదు" అన్నాడు జంబయ్య. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అడవిపంది అయితే అక్కడికక్కడే తన హెల్మెట్ తీసి అందులో టీ పోయించుకుని తాగాడు. అది చూసి ఇంకా నవ్వారు. గట్టయ్యకీ నవ్వొచ్చింది. కానీ తన తల మీద ఉన్నది గుర్తొచ్చి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. కింది ఊళ్లలో విషజ్వరాలు లేచాయి. కొండ మీది మూలికలతో కషాయం కాచి ముంతల్లో పోసి రోజూ కిందికి పంపాలి. ఇన్నాళ్లూ మందుల సంచి మోసిన ముసలి దున్న మోకాళ్లు పట్టేశాయని పని వదిలేశాడు. ఆ పని దొరకడం చిన్న గౌరవం కాదు. మందుల సంచి వస్తోందంటే దారిలో అందరూ పక్కకి తప్పుకుంటారు. సభ జరిగితే పెద్దయ్య పక్కనే చోటు.

"నాకివ్వండి" అన్నాడు గట్టయ్య.

"నాకూ ఆశ ఉంది పెద్దయ్యా" అన్నాడు జంబయ్య వినయంగా.

పెద్దయ్య ఆలోచించి, "ఇద్దరూ చెరొక సంచి తీసుకుని రేపు పొద్దున్నే దిగండి. ముంత పగలకుండా ముందు చేరినవాడిది పని" అన్నాడు.

గట్టయ్య ఆ మాటకి లోలోపల నవ్వుకున్నాడు. జంబయ్య తనతో సమానంగా తొక్కడం ఎప్పుడూ జరగలేదు. పని తనకే వచ్చిందని ఇంటికొచ్చి లచ్చమ్మతో చెప్పేశాడు కూడా.

మర్నాడు తెల్లవారగానే లచ్చమ్మ పట్టీ బిగించి, సంచి సరిచూసి పంపింది. ఇంటి మలుపు తిరగగానే జంబయ్య సైకిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నెత్తిన ఎర్ర తలపాగా. వెనక మందుల సంచి.

"రా బావా, మొదలుపెట్టే చోటికి కలిసే పోదాం" అన్నాడు. సైకిలు నడిపించుకుంటూ పక్కనే నడిచాడు. తర్వాత ఎవరో పోయినట్టు నిట్టూర్చాడు.

"ఏమైంది?" అన్నాడు గట్టయ్య.

"ఏం లేదులే."

"చెప్పు."

"నిన్ను చూస్తే బాధేసింది బావా. అవతలి కొండ నల్లపొట్టేలు గుర్తున్నాడా? నీ ఒక్క దెబ్బకి మోకాళ్ల మీద పడ్డాడు. ఆ రోజు నేను చిన్నవాణ్ణి, బండెక్కి చూశాను. ఆ తలకా ఈ దూదిమూట?"

నల్లపొట్టేలు పడిన చప్పుడు గట్టయ్యకి ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"లచ్చమ్మ ఊరుకోదు" అన్నాడు చివరికి.

"ఓహో, ఇంట్లో అడగాలా? అయితే వద్దులే. ఆడవాళ్ల మాట కాదనకూడదు."

"అడగడం కాదు. దాని భయం దానిది."

"నేనూ అదే అంటున్నాను. భయం ఆమెది, బరువు నీది. పైగా చెవులు మూసుకుపోతాయి, చెమట కళ్లలోకి కారుతుంది. నన్ను చూడు. నక్కని. నా తలెంత, వెలక్కాయంత. గట్టిగా మొట్టికాయ వేస్తే పగిలేది. నేనే ఈ గుడ్డముక్కతో దిగుతున్నాను. కింద ఊళ్లకి ఊళ్లు వచ్చి నిలబడి చూస్తాయి. నక్క గుడ్డతో దిగాడు, పొట్టేలు బుట్ట పెట్టుకుని దిగాడు అనుకుంటే నాకేం, నాకు గొప్పే. కానీ బావవి కదా, మనసొప్పక చెప్పాను."

గట్టయ్య గిట్ట పట్టీ మీదికి పోయింది. ఆగింది. వెనక్కి తిరిగి చూశాడు. ఇల్లు కనబడటం లేదు. పట్టీ విప్పాడు.

చల్లటి గాలి తలకి తగిలేసరికి పదేళ్ల వయసు తగ్గినట్టయింది. హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"హ్యాండిల్‌కి తగిలించు బావా. ఇంటికి పోయేముందు పెట్టుకుంటే సరి. లచ్చమ్మక్కకి తెలియదు" అన్నాడు జంబయ్య.

తగిలించాడు.

మొదలుపెట్టే చోట ఈలేసి ఇద్దర్నీ పంపారు. మొదటి రెండు మలుపుల్లోనే గట్టయ్య చాలా ముందుకి పోయాడు. గాలి కొమ్ముల మధ్య నుంచి ఊళేస్తూ పోతోంది. అంత హాయిగా ఎప్పుడూ తొక్కలేదనిపించింది. వెనక్కి చూస్తే ఎర్ర తలపాగా దూరంగా చుక్కలా ఉంది. కింద తనకోసం తప్పుకుని నిలబడే జనం, పెద్దయ్య పక్కన పీట, అన్నీ కళ్లకి కట్టాయి.

కల్వర్టు మలుపు వచ్చింది. రాత్రి వానకి కంకర దారి మీదికి కొట్టుకొచ్చింది. గట్టయ్య ఒంటిని పక్కకి వంచాడు. హ్యాండిల్‌కి వేలాడుతున్న హెల్మెట్ ఊగి, దాని పట్టీ ముందు చక్రం స్పోకుల్లో చిక్కుకుంది. చక్రం బిగుసుకుపోయింది. సైకిలు ఉన్నచోటే ఆగింది. గట్టయ్య ఆగలేదు.

తల కల్వర్టు రాయికి తగిలిన చప్పుడు అతనే విన్నాడు. పందేల్లో వినే చప్పుడు కాదది. ఎండిన సొరకాయ పగిలినట్టుంది.

నొప్పి లేదు. కదలాలనుకున్నాడు, ఒళ్లు కదల్లేదు. ఆకాశం పక్కకి ఒరిగి కనబడుతోంది. అంతలో పైనుంచి చక్రాల చప్పుడు. జంబయ్య మలుపు తిరిగి, అడ్డంగా పడున్న సైకిలుకి గుద్దుకుని, గాల్లో ఎగిరి అదే రాయికి తల కొట్టుకుని పడ్డాడు.

పడ్డవాడు లేచాడు.

లేచి దుమ్ము దులుపుకున్నాడు. తలపాగా ఊడి మెడ చుట్టూ పడింది. దాని కింద, చెవులదాకా బిగిసి, లక్క పూతతో మెరుస్తూ హెల్మెట్ ఉంది. గిజిగాడి అల్లిక. పక్కన చిన్న సొట్ట పడింది, అంతే.

గట్టయ్య చూస్తూనే ఉన్నాడు. జంబయ్య అతని కళ్లలోకి చూశాడు. దారి పైకి చూశాడు, కిందికి చూశాడు. ఎవరూ లేరు. తీరిగ్గా తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. సంచిలో ముంతలు తడిమి చూసుకున్నాడు. సైకిలు గడ్డి మీద పడటం వల్ల అన్నీ బాగానే ఉన్నాయి.

"నేను నీ పట్టీ ముట్టుకోలేదు బావా" అన్నాడు మెల్లిగా. సైకిలెక్కి దిగిపోయాడు.

కింద జనం చుట్టుముడితే, "గట్టయ్య బావ పడ్డాడు. ఆగుదామని ప్రాణం కొట్టుకుంది. కానీ ఇక్కడ జ్వరంతో ఉన్నవాళ్ల మందు నా దగ్గరుంది. కళ్లు మూసుకుని వచ్చేశాను" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. అలాంటివాడికే మందుల సంచి మోసే అర్హత ఉందని అందరూ అన్నారట. గట్టయ్యని తీసుకురావడానికి ఆ తర్వాతే ఎవరినో పంపారు.

గట్టయ్య చావలేదు. వానలు వెలిసేదాకా పడుకునే ఉన్నాడు. లేచాక ఎడమ కాళ్లు రెండూ అతని మాట సగమే వినేవి. సైకిలు మీద కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేవాడు. అదైనా భరించగలిగాడు. మాట పోయింది. అంటే గొంతు ఉంది, మాటలూ ఉన్నాయి, కానీ ఒకటి పిలిస్తే ఇంకొకటి వచ్చేది. గడ్డి అడగబోతే గొడుగు అనేవాడు. లచ్చమ్మని పిలవబోతే లంగరు అనేవాడు. లోపల మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అద్దం వెనక నిలబడి అరుస్తున్నట్టుండేది అతనికి.

లచ్చమ్మ పగలంతా నెమ్మదిగానే ఉండేది. ఒకరోజు తల కడుగుతూ, పగుళ్ల మీద చెయ్యి తగిలి ఆపుకోలేకపోయింది.

"నేను బిగించి పంపాను. నా చేతులతో బిగించాను. ఎందుకు తీశావయ్యా? ఒక్కసారి చెప్పు. అంత బరువైందా నీకు? నేను బరువయ్యానా?"

గట్టయ్య నోరు తెరిచాడు. నక్క. తలపాగా. దాని కింద. మూడే ముక్కలు. వరసగా పేర్చుకున్నాడు.

"కుండ" అన్నాడు. "గుమ్మడి... కుండ."

లచ్చమ్మ చూసి చూసి, కళ్లు తుడుచుకుని, కుండలో గుమ్మడికాయ ముక్కలు ఉడకేసి తెచ్చి ముందు పెట్టింది. గట్టయ్య వాటిని ముట్టుకోలేదు. ఆమెకి ఇంకా బాధేసింది.

పొడి రోజులు రాగానే పెద్దయ్య సభ పెట్టాడు. హెల్మెట్ గురించి అందరికీ మళ్లీ చెప్పాలని ఆయన తాపత్రయం. చెప్పే పని ఎవరికిచ్చాడంటే, మందుల సంచి మోసే జంబయ్యకి. మెడలో బంతిపూల దండ వేసి పక్కన నిలబెట్టుకున్నాడు. ముందు వరసలో గట్టయ్యని కూర్చోబెట్టారు, అందరికీ కనబడేలా.

జంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"అదిగో, చూడండి మా బావని. ఈతకొండ మీద అంతటి తల ఉందా? ఏమైంది? ఆ పొద్దున కాళ్లావేళ్లా పడ్డాను. 'బావా, పెట్టుకో, లచ్చమ్మక్క మొహం చూసి పెట్టుకో' అన్నాను. విన్నాడా? హ్యాండిల్‌కి తగిలించాడు. మీరు అలా చేయకండి. నా మాట వినండి."

అడవిపంది, బాతు, కుందేళ్లు తలలు వంచుకున్నారు. టీ కొట్టు దగ్గర ఇదే నోరు ఏం చెప్పేదో వాళ్లందరికీ గుర్తుంది. కానీ ఆ మాట లేవనెత్తితే, "నువ్వెందుకు నమ్మావు" అన్న ప్రశ్న తమకే తగులుతుంది.

గట్టయ్య లేచాడు. కుంటుకుంటూ ముందుకి వచ్చాడు.

"తల" అన్నాడు. అది సరిగ్గానే వచ్చింది. "తల... తల... తవుడు. తవుడు. తప్పెట."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "పాపం" అన్నారు ఇంకెవరో. జంబయ్య దిగులుగా తల ఊపుతూ, "కూర్చో బావా, కూర్చో. చూశారుగా, బుర్ర ఎలా చెదిరిపోయిందో" అని భుజం మీద చెయ్యి వేశాడు.

గట్టయ్య మాటలు వదిలేశాడు. తల వంచి, కొమ్ము కొనతో ఎర్ర తలపాగా అందుకుని ఒక్క లాగు లాగాడు. గుడ్డ మెలికలు మెలికలుగా విడిపోయి నేల మీద పడింది. హెల్మెట్ బయటపడింది. పక్కన పాత సొట్ట అలాగే ఉంది.

"అది నేనల్లిందే. పోయిన వానలకి ముందు అల్లించుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు" అన్నాడు గిజిగాడు చెట్టు కొమ్మ మీంచి, సన్నగా.

గట్టయ్య అందరి మొహాలూ చూశాడు. ఇప్పుడు వీళ్లకి అర్థమవుతుంది. ఇక తను మాట్లాడక్కర్లేదు.

జంబయ్య ఒక్క క్షణం బిక్కచచ్చిపోయాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"బయటపడిపోయింది. అవును, పెట్టుకున్నాను. మొదట్నుంచీ పెట్టుకున్నాను. మన మంచి అలవాట్లు మనమే చాటుకోకూడదని గుడ్డ కప్పుకున్నాను. ఆ రోజు నేనూ అదే రాయికి కొట్టుకున్నాను, ఇదిగో సొట్ట. ఇది లేకపోతే నేనూ బావలాగే మీ ముందు తవుడూ తప్పెటా అంటూ ఉండేవాణ్ణి. మందు కింది ఊళ్లకి చేరేదే కాదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అందరూ పెట్టుకోండి!"

పెద్దయ్య కళ్లు చెమర్చాయి. "ముందుచూపంటే ఇదీ" అన్నాడు. ముందు చప్పట్లు కొట్టినవాడు అడవిపంది. తర్వాత అందరూ కొట్టారు. గిజిగాడి చెట్టు కింద హెల్మెట్ల కోసం అప్పటికప్పుడే బారు కట్టారు. పోతూ పోతూ ఒక్కొక్కరే గట్టయ్య తల మీది పగుళ్లు చూసి, పిల్లలకి చూపించి, జాలిగా చప్పరించి పోయారు.

లచ్చమ్మ చప్పట్లు కొట్టలేదు. కింద పడిన ఎర్రగుడ్డ వంకే చూస్తూ నిలబడింది. మలుపు దాటాక ఎవరు ఎదురుచూశారో, ఏం మాట్లాడారో, అంతా ఆమెకి ఆ గుడ్డలో కనబడింది. వచ్చి గట్టయ్య పక్కన చేరింది. ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

"వాడేగా విప్పించింది?" అంది దారిలో.

గట్టయ్య ఆగాడు. ఎన్నాళ్లుగానో ఆమె నోట ఆ మాట వినాలని ఎదురుచూశాడు. తీరా విన్నాక గుండె తేలిక పడలేదు. వాడు చెప్పాడు, నిజమే. కానీ వాడు ముట్టుకోలేదు. ఇల్లు కనబడటం లేదని వెనక్కి తిరిగి చూసుకుని మరీ విప్పిన గిట్టలు తనవి. ఆమె బిగించిన పట్టీ, ఆమెకి తెలియకుండా విప్పాడు. నేనే విప్పాను లచ్చమ్మా, నన్ను క్షమించు. ఈ మాట ఒక్కటి చెప్పగలిగితే చాలు. ఇంకేం రాకపోయినా ఫర్వాలేదు.

బలమంతా కూడగట్టుకుని నోరు తెరిచాడు.

"నీళ్లు" అన్నాడు.

లచ్చమ్మ వాగు దగ్గరికి పరుగెత్తి ఆకుదొన్నెలో నీళ్లు పట్టుకొచ్చింది. గట్టయ్య ఆమె మొహంలోకి చూసి, తల వంచి, ఆ నీళ్లు తాగాడు.

నీతి: నీ తల గట్టిదని పొగిడేవాడు అది పగిలితే అతికించడు, సైకిలెక్కేముందు హెల్మెట్ పెట్టుకో, దిగేదాకా పట్టీ విప్పకు.